ఎందుకయ్యా ఈ రంగు?

“అక్కా, ఇందులో ఆకుపచ్చ ఏది?”

ఆఫీసుకు ఆలస్యమవుతోందని హడావిడిగా జడ అల్లుకుంటున్న అక్క తల తిప్పి చూసింది. తమ్ముడు రెండు చేతుల్లో రెండు స్టిక్కర్ చుట్టలు పట్టుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“కుడి చేతిలోది. ఒరేయ్, చదివేదేమో గ్రాఫిక్ డిజైను, రోజూ ఈ ప్రశ్నేమిట్రా?”

“మెల్లగా! అమ్మకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే.”

అక్క నాలిక కరుచుకుని, కుట్టు డబ్బాలోంచి కాస్త దారం తెంపి ఎడమ చేతిలోని చుట్టకి కట్టింది. “దారం ఉన్నది ఎరుపు. లేనిది ఆకుపచ్చ. సరేనా?”

పుట్టినప్పటి నుంచీ ఆ రెండూ వాడి కళ్ళకి ఒకటే మట్టిరంగు. ఆ గుట్టు అక్కకొక్కదానికే తెలుసు. కాలేజీలో చేరేటప్పుడు కళ్ళు భేషుగ్గా ఉన్నాయని చెప్పి చేరాడు. ఇప్పుడు బయటపడితే సీటు పోతుందని, మూడేళ్ళ చదువు మట్టిలో కలిసిపోతుందని భయం.

అందుకే ఇన్నాళ్ళూ వాడి ప్రాజెక్టులన్నీ నలుపు తెలుపుల్లోనే సాగాయి. గొడుగుల కొట్టుకి నల్లటి బోర్డు చేసి “మబ్బు పడితేనే కదా సార్ గొడుగు గుర్తొచ్చేది” అన్నాడు. పళ్ళరసం డబ్బాని తెల్లగా వదిలేసి “దాహానికి రంగేమిటి సార్” అన్నాడు. అన్నీ గత్యంతరం లేక అల్లిన మాటలే. మార్కులు మాత్రం దండిగా పడ్డాయి. కుళ్ళుకున్న క్లాసంతా కలిసి వాడికి ‘పాత సినిమా’ అని పేరు పెట్టింది.

ఈసారి ఆ పప్పులుడకవు. ఆఖరి ప్రాజెక్టు రంగుల్లోనే ఉండాలని కాలేజీ నిబంధన. పైగా చూసేది ‘ఎందుకయ్యా’ సారు. ఎప్పుడు చూసినా తెల్లచొక్కా, నల్లప్యాంటు, జేబులో రెండు పెన్నులు. అందులో ఒకదానికి దారం చుట్టి ఉంటుంది. పగిలిన పెన్ను పారేయడానికి కూడా చెయ్యి రాని పిసినారి అని క్లాసులో జోకు. ఆయన ముందు ఏ బోర్డు పెట్టినా రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు సగం మూసి, “ఇదేం రంగు? ఎందుకయ్యా ఈ రంగు?” అంటారు. ఒకసారి ఒకమ్మాయి “కనబడుతోందిగా సార్” అంటే, “కనబడితే చాలదమ్మా, నీ నోటితో చెప్పాలి” అని కసిరారు. ఆ ప్రశ్న తలచుకుంటేనే వాడికి ముచ్చెమటలు పోస్తాయి.

స్నానం చేసి వచ్చేసరికి అమ్మ గదిని అద్దంలా సర్దేసింది. దారం ఉన్న చుట్ట, లేని చుట్ట బల్ల మీద పక్కపక్కనే బుద్ధిగా ఉన్నాయి. రెండూ సంచిలో పడేసుకుని పరుగు తీశాడు.

కాలేజీలో ఒక మూల కూర్చుని స్టిక్కర్లు కత్తిరించి అతికించాడు. ఆస్పత్రిలో దారి చూపే బోర్డులవి. బాణంలా మొన తేలి ఉన్నది ఎమర్జెన్సీకి, దానికి ఎరుపు. గుండ్రంగా ఉన్నది మందుల షాపుకి, దానికి ఆకుపచ్చ. హమ్మయ్య అనుకున్నాడో లేదో, పక్క బల్ల అమ్మాయి తొంగి చూసింది.

“ఏం పాత సినిమా, ఎమర్జెన్సీకి ఆకుపచ్చ పెట్టావేంటి? మందుల షాపు ఎర్రగా మండిపోతోంది! దీని వెనకా ఏదో ఐడియా ఉండే ఉంటుందిలే.”

“ఉంది... ఉంది,” అన్నాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. వరండాలోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాడు.

“దారం ఉన్నదే వాడానక్కా!”

“అయ్యో, అమ్మ సర్దుతుంటే దారం ఊడిందట. మళ్ళీ కట్టేశానని నాతో అంది కూడా. ఏ దారమో నాకు తట్టలేదురా!”

మిగిలిన స్టిక్కరు లేదు, టైము అంతకన్నా లేదు. కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుండగానే పిలుపొచ్చింది.

గదిలో సారు ఒక్కరే ఉన్నారు. బోర్డులు చూశారు. రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు సగం మూశారు. వాడు ఈలోగా ఒక ఐడియా సిద్ధం చేసుకున్నాడు. ఆపదలో ఉన్నవాడికి కావలసింది భయం కాదు, ధైర్యం, అందుకే ఆకుపచ్చ. చెబితే నమ్ముతారు కూడా. మూడేళ్ళుగా సార్లందరూ నమ్ముతూనే ఉన్నారు.

“ఇదేం రంగు? ఎందుకయ్యా ఈ రంగు?”

“తెలీదు సార్.”

తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో వాడికే అర్థం కాలేదు. వచ్చాక ఇక ఆగలేదు.

“ఎరుపు, ఆకుపచ్చ నాకు ఒకటే సార్. రెండూ తారుమారు చేసి అతికించానట, ఎవరో చెబితే తెలిసింది. తాతయ్యకి గుండెనొప్పి వచ్చినప్పుడు ఆస్పత్రిలో నేల మీద ఎర్రగీత పట్టుకుని వెళ్ళు, డాక్టరు ఉంటారు అన్నారు. పరిగెత్తి పరిగెత్తి దుప్పట్లు ఉతికే గదిలో తేలాను. తాతయ్య బతికారు గానీ, నాకు ఆ వణుకు ఇంకా పోలేదు. రంగు తెలియనివాడు కూడా దారి తప్పకూడదనే ఈ ఆకారాలు పెట్టాను సార్. నిజంగా నాకొచ్చిన ఐడియా ఇదొక్కటే.”

సారు వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. సీటు పోయింది, ఇంట్లో ఏం చెప్పాలి అనుకుంటూ వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఏడుపొచ్చేలా ఉంది.

“మొన తేలింది ఎమర్జెన్సీ, గుండ్రంది మందుల షాపు,” అన్నారు సారు, బోర్డుల అంచుల మీద వేలితో రాస్తూ. “చూడగానే తెలిసిందయ్యా.”

“కానీ రంగులు, సార్...”

సారు మార్కులు వేయడానికి జేబులోంచి రెండు పెన్నులూ తీశారు. రెండూ ఒకేలా ఉన్నాయి. వేలితో తడిమి ఒకటి ఎంచుకుని, దాన్ని వాడి కళ్ళ ముందుకు తెచ్చారు.

“మా ఆవిడ కట్టింది,” అన్నారు, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి.

“దారం ఉన్నది ఎరుపు.”