మైసమ్మ ఇవ్వబోయిన గుర్దా

తాండూరులో డయాలసిస్ మంచం మీద మల్లప్ప ఉన్నాడు. తన గుర్దా, అదే కిడ్నీ, ఒకటి ఆయనకిస్తానని పరీక్షలు చేయించుకున్న భార్య మైసమ్మ, ఫలితం కోసం పక్కనే కూర్చుంది.

ఆ పక్క మంచం నాది. గుర్దాల పని నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నాను గానీ, బషీరాబాద్ వైపు గొర్లు కాసే మల్లప్ప చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. "మంద మొత్తాన్ని దొడ్లకెళ్లి బయటికి తోల్తది పటేలా. మనయి మళ్ల లోపటికి మలుపుకుంటది. లోపల దాక్కున్న రోగపు గొర్రెను మెడవట్టి బయటికి నూకుతది." నీళ్లు, ఉప్పు, చక్కెర మనవి. విషం రోగపు గొర్రె.

డాక్టరమ్మ కాగితాలు చూసి మైసమ్మ వైపు తిరిగింది. "నీ గుర్దాలు కూడా చెడిపోతున్నయమ్మా, ఇయ్యరాదు. నొప్పుల గోలీలు గుర్దాలను ఖరాబు చేస్తయి, ఏమన్న మింగుతవా?"

"నాకేం నొప్పుల్లేవు మేడం. నడుము నొప్పి ఈయనకే," అంది మైసమ్మ. "ఏండ్ల సంది పొద్దుమాపు ఆయనొకటి మింగితే నాకొకటి పెట్టేటోడు."

"నొప్పి లేనామెకు ఎందుకు పెట్టినవయ్యా?"

మల్లప్ప తల ఎత్తలేదు. "మింగినంక మస్తు ఆరాముండేది మేడం. బలం గోలీ అనుకున్న. నేనొక్కన్నే ఎట్ల మింగుదు?"