నిసార్ బాగు చేసిన గడియారం

గల్ఫు కూలీ ముత్యం గడియారాన్ని నిసార్ పాడు చేశాడు. ఇందులో రెండో మాట లేదు.

నిసార్ కర్జకాన్‌లోని కూలీల క్యాంపుకు సామాన్ తెచ్చే వ్యాను డ్రైవరు. ఖాళీ దొరికితే చాలు, ఏదో ఒకటి బాగు చేస్తాడు. ఇస్త్రీపెట్టె బాగు చేశాడు, చొక్కా కాలింది. ముత్యం గదిలో ఉండే నర్సింగ్ క్రాఫు బాగు చేశాడు, నర్సింగ్ ఇప్పటికీ టోపీ తీయడం లేదు. అదే గదిలోని భూమేష్‌కూ ఊళ్లో ఉన్న పెళ్లానికీ ఫోనులో మాటా మాటా పెరిగితే మధ్యలో దూరి అదీ బాగు చేశాడు. ఆమె ఫోను ఎత్తక ఇది మూడో వారం.

ముత్యానికి 'బాగు' అన్న మాటే గిట్టదు. బడిలో పంతులు 'నిన్ను బాగు చేస్తా'నంటూనే బెత్తం తీసేవాడు. పన్నెండేళ్ల కింద భార్య ముత్తెమ్మ 'బాగుపడి రా' అని గల్ఫుకు పంపింది. అతను బాగుపడేలోగా ఆమె పోయింది.

ఆమె సంచిలో పెట్టి పంపిన గోడ గడియారం అతని మంచం పైన వేలాడుతుంది. ఎవరినీ ముట్టనివ్వడు. దాన్ని చూసి లేచేది అతనొక్కడే. లేచి మిగతావాళ్లను లేపేదీ అతనే. పన్నెండేళ్లలో ఒక్క డ్యూటీ తప్పలేదు. అందుకే ఆ ఆదివారం పొద్దున ఆరింటికి, అవాలి సైటులో అందరి ముందూ ఫోర్‌మన్ తెల్ల హెల్మెట్ అతని నెత్తిన పెడతానన్నాడు మేనేజరు.

ఆ పొద్దున మెలకువ వచ్చి గడియారం చూశాడు. ఇంకా బోలెడు టైముంది. మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు.

రెండోసారి లేచి, తీరిగ్గా గడ్డం గీసుకుని, తలకు నూనె రాసుకుని గేటు దగ్గరికి వస్తే ఎండ చుర్రుమంటోంది. బస్సు ఎప్పుడో పోయింది.

సాయంత్రం బస్సు దిగిన భూమేష్ నెత్తిన తెల్ల హెల్మెట్ ఉంది.

"నన్ను లేపితే నీ సొమ్మేం పోయిందిరా?"

"బస్సు హారన్‌కు మేం లేసినం గని, నువ్వు మంచిగ గురకవెట్టి పండుకున్నవ్ గదనే అన్నా. లేపబుద్ధి గాలే."

"నా గడియారం ఎవడు ముట్టిండు?"

"నేనే భాయ్!" నిసార్ మురిసిపోతూ ముందుకొచ్చాడు. "నిన్న నువ్వు డ్యూటీల ఉంటే బాగు జేసిన. కొత్త సెల్లు ఏసిన, టైం సరిజేసిన. ఫోర్‌మన్ సాబ్‌కు నా తరఫున తోఫా!"

"పాడు జేసినవ్."

"అల్లా కసం, బరాబర్ ఉన్నది!"

నిసార్ తన ఫోను తీసి గడియారం పక్కన పెట్టాడు. ఒక్క నిమిషం తేడా లేదు. గది గదంతా విరగబడి నవ్వింది.

"బాగైన గడియారానికి పంచాయితీ ఏందే?" అన్నాడు నర్సింగ్, టోపీ సర్దుకుంటూ.

ముత్యం గడియారం దించి, ముళ్లు తిప్పి, మళ్లీ మేకుకు తగిలించాడు. ఆ రోజు నుంచి నిసార్‌తో మాటల్లేవు.

ముత్తెమ్మ పెట్టి పంపిన ఊరి టైమును తానెన్నడూ మార్చలేదనీ, పన్నెండేళ్లుగా రోజూ ఇక్కడి లెక్కకు అందులోంచి రెండున్నర గంటలు తీసేసుకుని లేస్తున్నాననీ ముత్యం ఎవరికీ చెప్పలేదు, ఇక చచ్చినా చెప్పడు.