నాలుగు సొట్టలు

కూతురు పిలిచిందని మాస్టారు ఇలా లోపలికి వెళ్ళారో లేదో, సర్వేయరు అలా జేబులోంచి ఫోన్ తీశాడు.

బల్ల మీద అరచేతిలో పట్టేంత ఎర్ర రేసు కారు. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట, కుండపోత వానలో, అందరికన్నా వెనక బయల్దేరి అందరికన్నా ముందు చేరిన కారుకి నమూనా. చక్రాలకంటిన బురద దగ్గర్నుంచి సీటు బెల్టు కుట్లదాకా అంతా మాస్టారి చేతిపనే.

సర్వేయరు కూడా ఇంట్లో సరిగ్గా అదే కారు చేస్తున్నాడు. ఇంకో నెలలో మోడల్ కార్ల క్లబ్బు పోటీ. మాస్టారు ప్రెసిడెంటు పదవి వదిలేస్తున్నారు. ఈసారి మొదటి బహుమతి ఎవరికొస్తే ఆ కుర్చీ వాళ్ళది. దాని మీద సర్వేయరుకున్న ఆశ అంతా ఇంతా కాదు. అందరి కార్లకీ వంకలు పెట్టే పని ఇన్నాళ్ళూ ఊరికే చేశాడు. ఇకమీదట హోదాతో చెయ్యాలి.

పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఫొటోలు లాగేశాడు. కారు తిరగేశాడు. అప్పుడు కనబడ్డాయి. ముక్కు కొసన, పల్చటి ప్లాస్టిక్ మీద, బుల్లి బుల్లి సొట్టలు. పైన రెండు, అడుగున రెండు.

సర్వేయరు గుండె ఝల్లుమంది. ఈ సొట్టలు ఏ పుస్తకంలోనూ లేవే! ఏ ఫొటోలోనూ లేవే! పెద్దాయన ఎక్కడ పట్టాడబ్బా? అడిగేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ అడిగితే తనకి తెలియదని తెలిసిపోదూ?

అయినా సొట్టల గురించి ఒకరిని అడగాల్సిన ఖర్మ తనకేం పట్టింది? గుద్దుకున్న కార్లు చూసి నష్టం అంచనా కట్టడమే తన ఉద్యోగం. ఇన్సూరెన్సు వాళ్ళు తన మాట మీదే నడుస్తారు. సొట్ట చూసి గుద్దినవాడి జాతకం చెబుతానని నలుగురిలో చెప్పుకునే మనిషాయె!

మాస్టారు టీ కప్పులతో తిరిగొచ్చేసరికి సర్వేయరు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు వాన వస్తుందేమోనన్నాడు.

ఇంటికెళ్ళి సూది కాల్చి సొట్టలు పెట్టడం మొదలెట్టాడు. మొదటి ముక్కు కరిగి మూతి వంకర పోయింది. తరవాతిదానికి చిల్లు పడింది. ఆ పైది కుదిరింది.

"ఏంటండీ ఆ కంపు?" అంటూ వచ్చింది భార్య. "అయ్యయ్యో, కొత్త బొమ్మకి సొట్టలు పెడుతున్నారేంటి?"

"బొమ్మ కాదే, మోడల్. ఇది చరిత్ర. నీకర్థం కాదులే."

"స్కూటర్‌కి పడ్డ సొట్ట తీయించండి మహానుభావా అని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నా! ఉన్న సొట్ట తీయించరు గానీ లేని సొట్టలు పెడతారు. మీ చరిత్ర చల్లగుండ!"

పోటీ రోజు రానే వచ్చింది. మందుల షాపావిడ కూడా అదే ఎర్ర కారు తెచ్చింది. చూడముచ్చటగా ఉంది. జడ్జీగా వచ్చిన కాలేజీ లెక్చరర్ ఆ బల్ల దగ్గరే తచ్చాడుతుంటే సర్వేయరుకి ఒళ్ళు మండిపోయింది.

"సార్, ఆ ముక్కు చూశారా? నున్నగా బోడిగుండులా ఉంది. సొట్టలేవీ?" అన్నాడు.

"ఏం సొట్టలండీ?" అంది ఆవిడ.

"అంటే, మీకు సొట్టల సంగతే తెలీదా?"

ఇక అందుకున్నాడు. "చివరి చుట్టు సార్. ముందు కారు చక్రాలు రాళ్ళు చిమ్మాయి. రెండు నేరుగా వచ్చి పైన తగిలాయి. ఇంకో రెండు రోడ్డుకి కొట్టుకుని ఎగిరి అడుగున తగిలాయి. లోతు చూడండి! అంత స్పీడు మీద తప్ప అలా పడదు. నా సర్వీసంతా సొట్టలతోనే గడిచింది సార్, సొట్ట నాతో మాట్లాడుతుంది."

లెక్చరర్‌కి ఆ సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. "అవునవును, ఎక్కడో చదివాను" అన్నాడు. నేను వీడియోలో చూశానన్నాడు పక్కనున్న సభ్యుడు. మిగతావాళ్ళు మేమూ చూశామన్నట్టు తలలూపారు.

పరిశోధన లోపమని మందుల షాపావిడకి మార్కులు కోసేశారు. "నేను అన్ని ఫొటోలూ వెతికానండీ, ఎక్కడా లేవు" అని పాపం ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. మొదటి బహుమతి సర్వేయరుకే.

కప్పు అందించడానికి మాస్టారు వేదికెక్కారు. సర్వేయరుకి లోపల కాస్త బెరుకుగానే ఉంది. గుర్తుపడితే? పడితే పట్టనీ! కారుకున్న సొట్టలు ఎవడబ్బ సొత్తు? అయినా ఎందుకైనా మంచిదని ముందరికాళ్ళకి బంధం వేశాడు.

"ఈ సొట్టల ఆచూకీ కోసం ఏళ్ళ తరబడి తిరిగాను మాస్టారూ" అన్నాడు మైకులోనే.

మాస్టారు కారు అందుకున్నారు. కళ్ళజోడు పైకి తోసుకుని, ముక్కుని దగ్గరగా పెట్టుకుని చూశారు. తిరగేసి చూశారు. సొట్టల మీద వేలితో తడిమారు. ఆయన మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి సర్వేయరు ఛాతీ ఉబ్బింది. ఇంక కుర్చీ తనదే.

"నాలుగేనా పెట్టావు?" అన్నారు మాస్టారు.

"నాలుగే మాస్టారూ! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. కావాలంటే రాసిస్తా!"

మాస్టారు కారుని జాగ్రత్తగా అతని చేతిలో పెట్టారు.

"అది నువ్వు మా ఇంటికొచ్చిననాటి లెక్కయ్యా, నా కారు ముక్కు కొరికిన మా మనవడికి ఇప్పుడు ఆరు పళ్ళు."