మూడవ బిళ్ళ

హాజరైనవారు, వచ్చిన క్రమంలో: విశ్రాంత హార్బరు ఇంజనీరు దొరస్వామిగారు, ఆయన నల్లకారు, అందులో వెనుక సీటులో ఆయన సతీమణి రాజలక్ష్మి, సొంత షెడ్డుకే అందరికన్న ఆలస్యంగా వచ్చిన మెకానిక్ మునియక్క. స్థలం మద్రాసు తొండియార్‌పేట. సమయం ఉదయం ఆరున్నర. కారు కింద తుప్పు రంగు నీరు మడుగు కట్టుతున్నది.

మునియక్క వంగి చూసింది. "ఇంజన్ పక్క బొక్కను మూసే డమ్మీ బిళ్ళ పోయినాది సార్. తుప్పు తినేసుండాది."

"డమ్మీ కాదు, ఫ్రీజ్ ప్లగ్," అని దొరస్వామిగారు సరిదిద్దారు. "ఇంజనులో నీరు గడ్డకట్టే శీతల దేశాలవారు పెట్టిన పేరు."

"మెడ్రాసులో గడ్డకట్టేది యాడ సార్? ఈడ మనుషులే కరిగిపోతా ఉంటే!"

రాజలక్ష్మి నవ్వింది. ఆయన నవ్వలేదు. తొమ్మిది గంటలకు పాతకార్ల సంఘం పరిశీలకుడు శ్రీకుమార్ రానున్నాడు. ఇంజనులో కంపెనీది కాని భాగం ఒక్కటి కూడా లేదని తేలితే కారుకు సంఘం వారి ఫలకం దక్కుతుంది. నాలుగు సంవత్సరాలుగా ఆయన ఎదురుచూస్తున్నది ఆ ఫలకం కోసమే. నూనె కాగితంలో చుట్టి దాచిన కంపెనీ బిళ్ళలు రెండు ఆయన జేబులో సిద్ధంగా ఉన్నాయి. ఒకటి తీసి ఇచ్చారు.

"ఆగు మునియక్కా," అంది రాజలక్ష్మి. "కొత్త సామానుకు బొట్టు పెట్టనీ."

ఆమె చేతిసంచిలోంచి పువ్వులు చెక్కిన ఇత్తడి కుంకుమ భరిణె తీసింది. దానికి మూత లేదు. మూతి మీద గుడ్డపీలిక కప్పి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"చూశావా? తిరుపతి ప్రయాణంలో మూత పోగొట్టింది," అన్నారు దొరస్వామిగారు. "ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఈ పీలికే."

"పోగొట్టలేదండీ. యాడో ఉంటాది."

"ఆ ప్రయాణంలోనే మునియక్కా, నగరి దాటాక ఈ కారు ఆవిరి కక్కి నిలిచిపోయింది. నాకేమో జ్వరం. చింతచెట్టు నీడలో పడుకున్నాను. రెండు గంటల తరువాత లేచి తాళం తిప్పితే, మొదటి తిప్పుకే ఇంజను పలికింది! ఎవరూ చెయ్యి పెట్టలేదు. తనంతట తానే కోలుకుంది. కంపెనీ భాగాల ఘనత అది."

"జ్వరం మనిషిదా, బండిదా సార్?" అంటూ మునియక్క ఉలి అందుకుంది. పాత బిళ్ళను ఒక అంచున కొట్టి వాల్చి, పట్టకారుతో లాగింది. రంధ్రాన్ని ఉప్పుకాగితంతో రుద్ది, జిగురు పూసి, బొట్టు పెట్టిన కొత్త బిళ్ళను నిలిపి సుత్తి ఎత్తింది.

టింగ్. టింగ్. టింగ్.

దొరస్వామిగారి కనురెప్పలు వాలాయి. రాయపురం వైపునుండి సముద్రపు పొగమంచు వీధిలోకి జారి, కారునూ షెడ్డునూ తెల్లగా కప్పుతున్నది. ఆ మంచులో చింతాకుల నీడలు ఊగాయి. ఆనాటి నిద్రలో ఎక్కడో గుడిగంటలు వినిపించాయి. ఆ గంటల నడుమ రాజలక్ష్మి గొంతు ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నది. గంటలు ఇలాగే మోగాయి. సరిగ్గా ఇలాగే.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

"ఒకటి పోతే తక్కినవీ చూడాల," అంటూ మునియక్క టార్చి వేసింది. "రెండోది గట్టిగానే ఉండాది. మూడోది... సార్, ఇది కంపెనీది కాదు! ఇత్తడి. మీద పువ్వు చెక్కుండాది. ఎవురో బలే బిగించుండారు. తుప్పు లేదు, చెమ్మ లేదు. పీకి ఆ రెండో బిళ్ళ కొట్టేదా? పదే నిమిషాలు. వచ్చే సారుకు తెలీనే తెలీదు."

దొరస్వామిగారు వంగి చూశారు. తరువాత తలెత్తి భార్య చేతిలోని భరిణె వైపు చూశారు. వెనుక సీటులో రబ్బరు బ్యాండు టప్పుమన్నది.

"రాజ్యం," అని ఆయన భార్యను పిలిచారు. "ఆనాడు నగరి దగ్గర సుత్తి పట్టినది ఎవరు?"

"లారీ డ్రైవరండీ," అంది ఆమె, వీధిలోని మంచును చూస్తూ. "బిళ్ళ కదలకుండా నేను పట్టుకుంటి."

"నాకు చెప్పలేదేం?"

"లేస్తూనే బండి తనంతట తానే బాగయిందంటిరి. చిన్నపిల్లాడి మాదిరి ఎంత సంతోషపడితిరో! నాకు మనసు రాలా."

ఆయన రెండవ బిళ్ళను నూనె కాగితంలో తిరిగి చుట్టారు.

"మునియక్కా, దానిని ముట్టవద్దు."

తొమ్మిది గంటలకు శ్రీకుమార్ వచ్చాడు. "కంపెనీవి కాని భాగాలేమైనా ఉన్నాయా సార్?"

"ఒకటి ఉన్నది."

"అయ్యో, అది మార్చేస్తే ఫలకం మీదే కదా సార్! వచ్చే వారం మళ్ళీ రానా?"

"అవసరం లేదు. నమస్కారం."

శ్రీకుమార్ వెళ్ళిపోయాక, దొరస్వామిగారు కారు దినచర్య పుస్తకం తెరిచి, వెనుకటి పుటలు తిప్పి, "తనంతట తానే కోలుకుంది" అన్న పాత వాక్యాన్ని అడ్డగీతతో కొట్టివేసి, దాని కింద నిండుగా వ్రాశారు:

"సవరణ. నగరి వద్ద ఆనాడు హాజరైనవారు, క్రమముగా: మెలకువతో శ్రీమతి రాజలక్ష్మి, పేరు తెలియని లారీ డ్రైవరు ఒకరు, నిద్రలో నేను. తన కుంకుమ భరిణె మూతను ఈ ఇంజనుకు ఇచ్చి, దానిని పోగొట్టినదని ముప్పై ఒక్క సంవత్సరములు నా చేత మాట పడిన శ్రీమతి రాజలక్ష్మిగారికి ఇందుమూలముగా కృతజ్ఞతలు నమోదు చేయడమైనది."