ఎవరి మనిషి?

"ఇప్పుడు కట్టు వద్దు," అంది ఏడో మంచం మీది మామ్మ, దుప్పటి పాదాల దాకా లాక్కుని.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? మీ ఒక్కరికోసం ముహూర్తం పెట్టించాలా మామ్మా?" అంది పెద్ద సిస్టర్.

వెనకాల అటెండరు ట్రే పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం ఒంటిగంట. ఇంకా పదకొండు మంచాలు మిగిలే ఉన్నాయి.

మామ్మ తల అడ్డంగా ఊపింది.

పెద్ద సిస్టర్ కేస్‌షీట్‌లో 'పేషెంటు ఒప్పుకోలేదు' అని రాసి చరచరా వెళ్ళిపోయింది. వరుసగా మూడోరోజు అదే మాట.

మామ్మ ఒకప్పుడు బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. ఇప్పుడు ఒంటినిండా షుగరు, ఎడమ మడమ మీద పుండు. "ఈ వారంలో దారికి రాకపోతే పాదం తీసెయ్యాల్సిందే," అని డాక్టరు ముందే చెప్పాడు.

మర్నాడు మామ్మ కట్టు కట్టించుకుంది.

కట్టింది పెద్ద సిస్టర్ కాదు, ఆ నెలలోనే చేరిన కొత్తమ్మాయి.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

పెద్ద సిస్టర్ ఆ పక్కగా వెళ్తున్నట్టు వెళ్ళి అంతా గమనించింది. కొత్తమ్మాయి కట్టు వేళని పదకొండింటికి జరిపింది. అటెండరుని బయటే ఉంచి ట్రే తనే తెచ్చుకుంది. తెర మూసి, పుండున్న పాదం ఒక్కటే బయటికి తీసింది. ఒంటిగంటకి ముందు, నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్ళు పెట్టింది. కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి తొడిగింది. మామ్మ తిరగాల్సిన దిక్కుకి మంచాన్ని కూడా తిప్పింది.

పైగా వచ్చీ రాగానే మామ్మకి సలాం!

'వాళ్ళ మనిషే. అందుకే అన్నీ తెలుసు. అందులో గొప్పేముంది?' అని పెద్ద సిస్టర్ ఉడుక్కుంది. పేరు చూద్దామంటే అది అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా పెట్టుకునే పేరు.

వారం తిరక్కుండా డాక్టరు పుండు చూసి, "భలే! ఎవరి చెయ్యి ఇది?" అన్నాడు.

"సార్, అది..." అని కొత్తమ్మాయి ఏదో చెప్పబోయింది.

"అందరం కలిసే చేస్తున్నాం సార్," అని పెద్ద సిస్టర్ అడ్డుపడింది.

డాక్టరు మాత్రం కొత్తమ్మాయి వైపే చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పెద్ద సిస్టర్ వైపు ఎవరూ అలా తలాడించలేదు. అసూయ అంటే అసూయే, ఇంకో పేరు ఎందుకు? ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

"ఆ చిన్న సిస్టర్‌ని పంపించండమ్మా," అని పక్క మంచాలవాళ్ళూ మొదలుపెట్టారు. పుండు మీద కారం చల్లినట్టయింది.

తిన్నగా మేట్రన్ గదికి వెళ్ళింది.

"ఆ అమ్మాయి ఒకే మంచం చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది మేడం. మంచాలు ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తోంది. తన వాళ్ళని ఒకలా, మిగతావాళ్ళని ఒకలా చూస్తోంది."

"నిజమేనా?"

"ఇన్నేళ్ళ సర్వీసులో నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా మేడం?"

కొత్తమ్మాయిది ఇంకా పక్కా కాని ఉద్యోగం. నెలాఖరున, ఇక రానక్కర్లేదన్నారు.

పోతూ పోతూ పెద్ద సిస్టర్ దగ్గరికి వచ్చింది. "వెళ్ళొస్తానండీ. మామ్మకి పదకొండింటికే కట్టండి సిస్టర్, ఒప్పుకుంటారు."

"నువ్వు నాకు నేర్పుతున్నావా?"

"అయ్యో, లేదు సిస్టర్," అని తలొంచుకుని వెళ్ళిపోయింది.

అయినా డాక్టరు కన్ను ఏడో మంచం మీదే ఉంది కాబట్టి, పెద్ద సిస్టర్ పదకొండింటికే కట్టింది. అటెండరుని బయటే ఉంచి తెరా మూసింది. మామ్మ కిక్కురుమనలేదు. ఇంకో మూడు వారాలకి పుండు పూర్తిగా మానింది.

'నా చేతికీ మానింది!' అని కాలర్ ఎగరేసినంత పని చేసింది పెద్ద సిస్టర్.

ఇంటికి పంపే రోజు మామ్మ కూతురి చెయ్యి పట్టుకుని, రెండు కాళ్ళమీదా నడుచుకుంటూ సిస్టర్ల బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏం మామ్మా, మీ మనిషి కనబడటం లేదని బెంగా?" పెద్ద సిస్టర్ మంట ఇంకా చల్లారలేదు.

"మా మనిషెవరు తల్లీ?"

"అదే, ఆ కొత్తమ్మాయి. మీవాళ్ళేగా."

మామ్మ బోసినోటితో నవ్వింది. "మావాళ్ళా! ఆ పిల్లకి మా సంగతులు ఒక్క ముక్క తెలీదు. సలాం చెప్పడం కూడా నేనే నేర్పాను. మొదటిరోజు వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. 'కట్టు ఎందుకు వద్దంటున్నారు మామ్మా?' అని అడిగింది. అది నా నమాజు వేళమ్మా, మగమనిషి ముందు కాలు చాపలేనమ్మా అని చెప్పాను."

"మరి ఆ ముక్క నాతో అనలేదే?"

"మీరు అడగలేదుగా తల్లీ."

పెద్ద సిస్టర్ బల్ల మీది కాగితాలు సర్దసాగింది.

మామ్మ ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అయినా మీ మనసు నాకు తెలీదా! 'పెద్ద సిస్టర్ గారికి ఊపిరాడని పని మామ్మా, మీ కష్టమేంటో కనుక్కురమ్మని నన్ను పంపారు' అని ఆ రోజే చెప్పింది ఆ పిల్ల, అందుకే అప్పట్నుంచీ ఐదు పూటలా నమాజులో నేను దువా చేస్తున్నది మీకోసమే తల్లీ."