జేజి చేతి అన్నం

ముత్యవ్వ పెట్టిన ముద్దను మనుమరాలు కావ్య ఉమ్మేసింది.

"నాకొద్దు. జేజి పెట్టల్ల."

కావ్యకు నాలుగేళ్లు. రెండేళ్ల తమ్ముడు అప్పటికే లేచి వంటగది వైపు పరుగెత్తాడు.

వంటగదిలోంచి చిట్టెమ్మ వచ్చింది. సౌదీలో సముద్రం ఒడ్డునున్న ఖఫ్జీలోని ఈ ఫ్లాట్‌లో పిల్లల్ని చూసుకునే పని ఆమెది. సొంతూరు కడప వైపు. వాళ్ల దిక్కున నానమ్మను జేజి అంటారు. పిల్లలు ఆమెను అలాగే పిలుస్తారు.

"కారమైనట్టుండాది అక్కా. రోంత నెయ్యేస్తే తింటారు. నేను కలిపిస్తా, మీరే పెట్టండి."

ముత్యవ్వ కంచాన్ని ఆమె ముందుకు తోసింది.

"నువ్వే పెట్టు. నీ చేతిదైతెనే మింగుతరట గద."

లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అద్దం వెనక పిల్లల నోళ్లు తెరుచుకోవడం కనిపించింది. మాటలు వినిపించలేదు. ప్రతి పూటా ఇంతే. చిట్టెమ్మ కంచం అందుకోగానే ఆమె అక్కడి నుంచి లేచిపోయేది.

ముత్యవ్వది జగిత్యాల దగ్గరి పల్లె; అక్కడ నానమ్మ అంటే బాపమ్మ. కొడుకు స్వామి ఇక్కడ ఆయిల్ ఫీల్డ్‌లో మెకానిక్. కోడలు స్వర్ణ నర్సు. మనుమలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఇక్కడికి రాకముందు ఫోన్‌లో తప్ప ఆమె వాళ్లను చూడలేదు. విజిట్ వీసా మీద వచ్చింది. వీసా అయ్యేలోపు వాళ్లకు తానే నీళ్లు పోయాలని, తానే తినిపించాలని, తన పక్కన పడుకోబెట్టుకోవాలని అనుకుంది.

అవన్నీ చిట్టెమ్మ చేస్తోంది.

ఒక సాయంత్రం సముద్రం ఒడ్డున కావ్య గవ్వలు ఏరి ముత్యవ్వ కొంగులో పోసింది.

"బాపమ్మా, గట్టిగా పట్టుకో. పారేయాకు."

ముత్యవ్వ కొంగును రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా నడిచింది. దారిపొడవునా కొడుకుతో ఆ మాటే చెప్పింది.

ఇంట్లోకి రాగానే కావ్య గవ్వలన్నీ తీసేసుకుంది.

"జేజికి చూపిస్తా."

ఆ రాత్రి ముత్యవ్వ అన్నం తినలేదు.

మర్నాడు చిట్టెమ్మ బట్టలు మడతపెడుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"నీకు మనుమలు లేరా?"

"మనవరాలుండాది అక్కా. నేనీడికొచ్చినాక పుట్టింది. ఇంకా ఎత్తుకోలేదు."

"అందుకేనా నా వాళ్లను పట్టుకున్నవు?"

చిట్టెమ్మ చేతిలోని చొక్కాను పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.

"పిల్లోళ్లు దగ్గరుండేవాళ్లకు అలవాటు పడతారు అక్కా. అంతే."

సాయంత్రం స్వామి డ్యూటీ నుంచి రాగానే ముత్యవ్వ అడిగేసింది.

"ఆమెను పంపియ్యి."

"ఏం చేసిందమ్మా?"

"ఏం చెయ్యలే. ఒక్క తప్పన్న దొరుకుతదేమోనని చూసిన. దొరకలే."

స్వామి నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగాడు.

స్వర్ణ అంది. "అత్తమ్మా, వీసా అయినంక మీరు పోతరు. నేను డ్యూటీకి పోతే వీళ్లను ఎవరు చూస్తరు?"

"వీసా పెంచుకుంట. నా మనుమలకు నేను సాలనా? ఆమె ఉన్నన్ని దినాలు నేను ఈ ఇంటికి సుట్టాన్నే."

"ఆమె అసొంటి మనిషి మళ్ల దొరకదు."

"దొరకకుంటె నేనే ఉంట."

దూరాన తాయిఫ్ ఊళ్లో స్వామికి తెలిసిన కుటుంబం పిల్లల కోసం మనిషిని వెతుకుతోంది. చిట్టెమ్మను అడిగితే సరేనంది. స్వామి ఆమె కఫాలాను, అంటే యజమాని పూచీని, వాళ్ల పేరు మీదికి మార్చాడు.

వెళ్లే రోజు పొద్దున పిల్లలు ఇంకా లేవలేదు. లేపొద్దని ముత్యవ్వ ముందే చెప్పింది.

చిట్టెమ్మ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"పిల్లోడు పడుకునేటప్పుడు మన చెవి పట్టుకుంటాడు అక్కా. ఇదిలించాకండి."

"నాకు తెల్వదా పిల్లల్ని పండవెట్టుడు?"

చిట్టెమ్మ తలూపి లిఫ్ట్ వైపు నడిచింది.

పిల్లలు లేచారు. ఇల్లంతా వెతికారు. ఏడ్చారు. మధ్యాహ్నానికి ఆకలేసి ముత్యవ్వ ముందుకు వచ్చి కూర్చున్నారు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. ముత్యవ్వ ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. పప్పన్నంలో నెయ్యి వేసి కలిపింది. స్వామికి చిన్నప్పుడు ఎలా పెట్టిందో గుర్తు చేసుకుని ముద్ద చేసింది.

"ఇది అమ్మ ముద్ద. ఆ అను."

కావ్య నోరు తెరవలేదు.

"ముందు బాపమ్మ ముద్ద."

"బాపమ్మ అంటె నేనే గద బిడ్డా. నీ ముందటనే ఉన్న. నాకెందుకు ముద్ద?"

"రోజూ ముందు నీదే. తర్వాతే అమ్మది, నాన్నది."

"ఎవరు చెప్పిండ్రు?"

"జేజి. బాపమ్మ ముద్ద తింటే బాపమ్మ విమానమెక్కి వస్తాదని చెప్పింది. వచ్చినావు కదా?"

ముత్యవ్వ ముద్దను మళ్లీ కంచంలో పెట్టింది.

"నేనొచ్చినంక గూడ పెట్టిందా?"

"ఊఁ. నువ్వు బాల్కనీలో ఉంటివి."

ముత్యవ్వ ముందు బాపమ్మ ముద్ద పెట్టింది. తర్వాత అమ్మది, నాన్నది, తమ్ముడిది. ఇద్దరూ తిన్నారు. కంచంలో ఇంకొక్క ముద్ద మిగిలింది.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది జేజి ముద్ద."

కావ్య తల అడ్డంగా ఊపింది.

"జేజికి ముద్ద లేదు బాపమ్మా, మేం పెట్టమన్నా పెట్టదు, చివరిది కూడా నీ పేరే చెప్తాది."