నీళ్ళ మీద నామినేషను

ఏడోసారి మునిగి తేలి, నోట్లో ఉప్పునీళ్ళు ఉమ్మేసి, జయరామయ్య ముందుగా తిట్టింది ఇంజన్ని.

"దీనికి దమ్ము లేదు రా మునీరూ! నేను లేచే టయానికి ఇది పడుకుంటా ఉంది."

బోటు నడుపుతున్న మునీర్ అసలు రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్కు. ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"ప్లగ్గులు మార్చినా అన్నా. ప్రొపెల్లరు మార్చినా. తాడు కూడా కొత్తదే. ఇంక మార్చాల్సింది తాడుకు ఆ చివర ఉండేదొక్కటే."

ఆ చివర ఉన్నది జయరామయ్యే. కాళ్ళకు రెండు స్కీ పలకలు, ఒంటికి నారింజ రంగు జాకెట్టు, ముక్కులో సముద్రం.

అల్లూరు పక్కన ఉప్పుటేట్లో రెండు నెలలుగా ఇదే తంతు. చూసేవాళ్ళకు వినోదంగా ఉంది గానీ, ఆయనకిది ఆట కాదు. రాజకీయ భవిష్యత్తు.

పోయినసారి జడ్పీటీసీకి పోటీచేసి నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. పోటీచేసింది నలుగురే. నాలుగెకరాల మాగాణి ఫ్లెక్సీల కింద, బిరియానీ పొట్లాల కింద కరిగిపోయింది. ఇక మిగిలింది భార్య సామ్రాజ్యానికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు. ఆ రెండెకరాల ధైర్యంతోనే ఈసారి మళ్ళీ దిగుదామనుకున్నాడు. దిగేముందు జాతకం చూపిస్తే మంచిదని సామ్రాజ్యం బోగోలు నుంచి సిద్ధాంతిని పిలిపించింది.

ఆయన గంటసేపు వేళ్ళు లెక్కబెట్టాడు.

"జలగండం ఉందయ్యా. నీళ్ళ మీద నిలబడి, మునక్కుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయినాకనే నామినేషన్ వెయ్యి. గెలుపు నీదే. అంతకుముందు వేశావా, పోయేది డిపాజిట్టు కాదు, ప్రాణం" అని తేల్చేశాడు.

ఇంకొకడైతే ఆ మాటతో చాప చుట్టేసేవాడు. జయరామయ్య మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు ఫోనులో ఎవరో తెల్లవాడు బోటు వెనక తాడు పట్టుకుని, నీళ్ళ మీద నిటారుగా నిలబడి పోవడం చూశాడు. వాడు ఒక చెయ్యి పైకెత్తి జనానికి ఊపుతున్నాడు కూడా! అది చూసి జయరామయ్యకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. వారం తిరక్కుండా చెన్నై నుంచి పాత స్కీ బోటు ఒకటి లారీ ఎక్కి వచ్చింది.

సామ్రాజ్యం ఇల్లు పీకి పందిరేస్తుందని భయపడ్డాడు. ఆమె బోటు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "పోనీలే, ఎలక్షన్లో ఒకపూట బిరియానీ ఖర్చు" అంది. ఇంత అర్థం చేసుకునే పెళ్ళాం జిల్లాలో ఎవడికుందని ఆయన మీసం దువ్వుకున్నాడు.

అప్పట్నుంచి ఆ బోటే ఆయనకు నియోజకవర్గం. ఏట్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ ఉప్పు పోయేదాకా ఇంజన్ని మంచినీళ్ళతో కడగాలి. ఊళ్ళో జనం తాగడానికి క్యాన్లు కొనుక్కుంటుంటే, బోటు స్నానానికి ట్యాంకరు వచ్చేది. అడుగున నాచు పట్టకుండా తన చేత్తోనే మైనం రుద్దేవాడు. ఓటర్లకు ఇందులో సగం సేవ చేసుంటే ఈ బోటుతో పనే ఉండేది కాదని మునీర్ చాటుగా నవ్వుకునేవాడు.

సామ్రాజ్యం మాత్రం ఒక్కరోజూ నాగా పెట్టలేదు. తెల్లారేసరికి దోసెలు, వాటి మీదికి చేపల పులుసు. "బలం కావద్దా? ఇంకో రెండు తినయ్యా" అని పీకల దాకా పెట్టేది. ఆ తర్వాత బోటులో ఆయన వైపు తిరిగి కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పెదాలు కదుపుతూ మొక్కుకునేది. ఆయన మునిగాక గానీ కళ్ళు తెరిచేది కాదు.

"చూడరా, నా కోసం ఎట్టా మొక్కతా ఉందో" అని జయరామయ్య నీళ్ళలోంచే మురిసిపోయేవాడు.

రేపు నామినేషన్లకు ఆఖరు రోజు. ఈరోజు అప్పటికే ఏడు మునకలయ్యాయి.

"తాడును నువ్వు లాగబాకన్నా, అదే నిన్ను లాగతది" అన్నాడు మునీర్. "మోకాళ్ళు వంచి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చో. లేవాలని తొందరపడబాక."

"రెండు నెలల్నించీ అదే చెప్తుండావు!"

"రెండు నెలల్నించీ నువ్వు వింటే గదా!"

జయరామయ్యకు ఒళ్ళు మండింది. కానీ తిట్టే ఓపిక లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎదుటివాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. మోకాళ్ళు వంచాడు. చేతులు చాపాడు. తాడు ఎటు లాగితే అటు పోనిచ్చాడు.

బోటు ఉరికింది. నీళ్ళు రెండు పక్కలకీ చీలాయి. ఆయన లేచాడు! తూలాడు, అయినా పడలేదు. గట్ల మీద జనం ఈలలు వేశారు. సగం ఏరు దాటాక ధైర్యమొచ్చి, ఒక చెయ్యి వదిలి వాళ్ళకు ఊపాడు. పలకలు అవతలి గట్టు ఇసక మేటకు తగిలేదాకా నిలబడే ఉన్నాడు.

ఆ ఇసకలో బోర్లాపడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మునీరూ! పొద్దున్నే నామినేషను! డప్పులోళ్ళతో మాట్లాడు. ఆ రెండెకరాల కాయితాలు బయటికి తియ్యమని మీ వదినకు చెప్పు!"

వదిన అప్పటికే బోటు దిగింది. కళ్ళనిండా నీళ్ళతో, ఫోను చెవికి పెట్టుకుని, సరుగుడు తోపులోకి గబగబా నడుస్తోంది. పుట్టింటికి శుభవార్త చెప్పుకుంటోంది కాబోలు పిచ్చిది, అనుకున్నాడు జయరామయ్య.

తోపులో సామ్రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సిద్ధాంతిగారూ, ఈ మనిషికి ఈ జన్మలో చేతకానిది ఏదన్నా చెప్పండి సామీ అని నేను కాళ్ళావేళ్ళా పడితే నీళ్ళ మీద నిలబడమన్నారే, నిలబడనే నిలబడినాడు, తెల్లారేలోపల వచ్చి ఇంకేదన్నా గట్టిది చెప్పండి" అంటోంది.